సంధి సభలో చోటులేని యువకుడు: పల్నాటి వీరగాథలో శాంతియత్నాలు – పరిశీలన

వ్యాస సంగ్రహం

పల్నాటి వీరగాథను తెలుగు విమర్శ ప్రధానంగా పౌరుషగాథగానూ సంఘసంస్కరణ గాథగానూ చదివింది. అయితే అది విఫలమైన శాంతియత్నాల గాథ కూడా. రాయబారం, చాపకూడు, సంధి సభ అనే మూడు ఘట్టాలను ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తుంది. పెద్దలు సభలో శాంతిని కుదుర్చుకుంటున్నప్పుడు హింసకు దారి వీథిలో, ఇంట్లో, స్నేహబృందంలో ఏర్పడింది. ఆ మూడు చోట్ల ఉన్నవారిలో ఎవరికీ సంధిలో పాలు లేకపోవడమే దాని వైఫల్యానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పల్నాటి వీరచరిత్ర, చాపకూడు, రాయబారం, బాలచంద్రుడు, శాంతి నిర్మాణం, హింసాత్మక తీవ్రవాదం, కారెంపూడి ఉత్సవం

1. ప్రస్తావన

హింసాత్మక తీవ్రవాదాన్ని కేవలం భద్రతాబలగాలతో నివారించలేమన్న అభిప్రాయం గత రెండు దశాబ్దాలలో అంతర్జాతీయంగా బలపడింది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2016 జనవరిలో సాధారణసభ ముందుంచిన నివారణ కార్యాచరణ ప్రణాళిక ఈ అభిప్రాయానికి అధికారిక రూపమిచ్చింది. మనిషిని హింస వైపు నెట్టే పరిస్థితులు కొన్ని, లాగే ఆకర్షణలు కొన్ని ఉంటాయని ఆ ప్రణాళిక గుర్తించింది. కుటుంబం, మతపెద్దలు, స్త్రీలు, యువకులు, స్థానిక సంస్థలు నివారణలో భాగస్వాములు కావాలని కోరింది. అంతకు కొద్ది వారాల ముందు, 2015 డిసెంబరు 9న, భద్రతామండలి ఆమోదించిన 2250వ తీర్మానం యువజనులను శాంతికి ముప్పుగా మాత్రమే చూసే అలవాటును విడిచి, శాంతి నిర్ణయాలలో వారికి స్థానం కల్పించాలని సభ్యదేశాలకు సూచించింది.

ఈ ఆలోచనలు సామాజికశాస్త్ర విభాగాలలో చర్చకు వచ్చినంతగా సాహిత్య విభాగాలలో రాలేదు. నిజానికి శాంతి ఎందుకు నిలవదు, యువకుడు ఆయుధం వైపు ఏ దారిన నడుస్తాడు, అతనిని ఆపగలిగినవారు ఎందుకు ఆపలేకపోతారు అన్న ప్రశ్నలను కథాసాహిత్యం చాలా కాలంగా వేస్తూనే ఉంది. తెలుగులో ఈ ప్రశ్నలకు అత్యంత విస్తృతమైన ఆధారం పల్నాటి వీరగాథాచక్రం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 12వ శతాబ్ది యుద్ధానికి సంబంధించిన గాథానాయకుణ్ణి నేటి తీవ్రవాదితో సమానం చేయడం చరిత్రకూ న్యాయం కాదు, కావ్యానికీ న్యాయం కాదు. వీరధర్మం ఆనాటి సమాజం అంగీకరించిన విలువ. కనుక ఈ పోలిక వ్యక్తుల మధ్య కాదు, ప్రక్రియల మధ్య. సంధికి అవకాశం ఉన్న క్షణంలో ఒక సమాజం దానిని ఎలా జారవిడుచుకుందన్నదే ఈ పరిశీలనకు విషయం.

2. గాథ – పాఠాలు – పూర్వవిమర్శ

అనుగురాజు కుమారులైన నలగామరాజు, మలిదేవరాజుల నడుమ రాజ్యవిభాగం, గురజాల–మాచర్ల స్పర్ధ, నాయకురాలు నాగమ్మ – బ్రహ్మనాయుడుల మంత్రాంగం, కోడిపోరులో ఓటమి, ఏడేళ్ల వలస, తిరిగివచ్చి భాగం అడగడం, అలరాజు రాయబారం, అతని హత్య, కార్యమపూడి రణం – ఇది గాథ స్థూలరూపం. శ్రీనాథ కర్తృకంగా ప్రసిద్ధమైన ద్విపద భాగం బాలచంద్ర యుద్ధానికి ప్రాధాన్యమిస్తుంది. దానిని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన నాటి నుంచి ఆధునిక విమర్శ మొదలైంది. తంగిరాల వెంకటసుబ్బారావు వీరగాథా కవిత్వంపై చేసిన పరిశోధన లిఖిత, మౌఖిక సంప్రదాయాల పరిధిని స్పష్టపరచింది. ఆలిశెట్టి గాలెయ్య గానం చేసిన పాఠం ఆధారంగా జీన్ రోఘేర్ 1982లో వెలువరించిన గ్రంథం మౌఖిక రూపానికి అంతర్జాతీయ విద్వల్లోకంలో గుర్తింపు తెచ్చింది.

ఈ విమర్శలో మూడు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది గాథను ఆంధ్రుల శౌర్యచిహ్నంగా చూసింది. రెండవది చాపకూడును, మాల కన్నమదాసుకు దక్కిన సేనానాయకత్వాన్ని ముందుకు తెచ్చి బ్రహ్మనాయుణ్ణి సంస్కర్తగా నిలిపింది. మూడవది నాగమ్మ పాత్రను పునర్మూల్యాంకనం చేసి, యుద్ధదోషమంతా ఒక స్త్రీపై మోపిన పురుషదృష్టిని ప్రశ్నించింది. మూడూ విలువైనవే. అయితే మూడింటిలోనూ దృష్టి యుద్ధానికి కారకులెవరన్న దానిమీదే నిలిచింది. శాంతికి యత్నించినవారెవరు, ఆ యత్నాలలో లోపమెక్కడ అన్న ప్రశ్న మిగిలిపోయింది.

పల్నాటి గాథకూ భారతకథకూ ఉన్న పోలికలు విమర్శకులు తరచు ప్రస్తావించినవే. జూదానికి బదులు కోడిపోరు, అరణ్యవాసానికి బదులు వలస, కృష్ణరాయబారానికి బదులు అలరాజు రాయబారం, అభిమన్యుని స్థానంలో బాలచంద్రుడు. అంతగా చర్చకు రాని రెండు భేదాలు ఈ పోలికలకన్నా ముఖ్యమైనవి. భారతంలో రాయబారి క్షేమంగా తిరిగి వస్తాడు, పల్నాటి గాథలో రాడు. అభిమన్యుడు పెద్దల ఆదేశంతో పద్మవ్యూహంలో ప్రవేశిస్తాడు, బాలచంద్రుడు పెద్దల నిర్ణయాన్ని కాదని రణంలోకి దిగుతాడు. పల్నాటి గాథ ప్రత్యేకత ఈ రెండు భేదాలలోనే ఉంది.

3. రాయబారం: ఒక మనిషిపై నిలిచిన శాంతి

అలరాజు ఎంపిక రాజనీతి దృష్ట్యా సరియైనదే. అతడు మలిదేవుని పక్షాన ఉన్న కొమ్మరాజు కుమారుడు, నలగామరాజుకు అల్లుడు. రెండు శిబిరాలలోనూ బంధుత్వం గలవాడు మధ్యవర్తిత్వానికి తగినవాడని నేటి శాంతి అధ్యయనాలు కూడా అంగీకరిస్తాయి. కాని గాథలో రెండు పక్షాలనూ కలిపే బంధం అతనొక్కడి దేహంలోనే ఉంది. చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో అతడు మరణించగానే మాటలకు దారి మూసుకుపోయింది. అతని భార్య, నలగాముని కుమార్తె పేరిందేవి సహగమనం చేయడంతో మిగిలిన ఒక్క పోగూ తెగింది. రెండిళ్లనూ కలిపిన పెళ్లే రెండు చావులై, యుద్ధానికి కారణంగా మారింది.

ఈ ఘట్టం చెప్పే విషయం స్పష్టమే. రాయబారి ఎంత యోగ్యుడైనా, అతని వెనుక రెండు ఊళ్ల జనం పరస్పరం నిలుపుకున్న సంబంధాలు లేకపోతే, అతణ్ణి తొలగించడమే సంధిని తొలగించడమవుతుంది. శాంతికి వ్యతిరేకులైనవారికి ఒకే ఒక్క హత్య చాలు.

ఈ లోపం గతానికే పరిమితం కాలేదు. యుద్ధానంతరం బ్రహ్మనాయుడు ప్రవేశించాడని గాథ చెప్పే గుత్తికొండ బిలం, 1969లో చారు మజుందార్ ఆంధ్ర విప్లవకారులతో జరిపిన రహస్య సమావేశానికి వేదిక అయింది. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలకు, 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైటు పార్టీలకూ ప్రత్యక్ష చర్చలు జరిగాయి. ఆ చర్చలకు నేపథ్యాన్ని 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఏళ్లతరబడి సిద్ధం చేసింది. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని ఆ వేదిక ఇరుపక్షాల హింసనూ ప్రశ్నించింది, గ్రామాలలో సామాన్యుల మాట విన్నది. ఒక్క రాయబారికి బదులు ఒక పౌరబృందం మధ్యవర్తి కావడం అలరాజు ఘట్టంతో పోలిస్తే గణనీయమైన ముందడుగు. అయినా చర్చలు కొద్ది నెలలకే, 2005 జనవరి నాటికి, భగ్నమయ్యాయి. మధ్యవర్తులు ఎంత చిత్తశుద్ధి గలవారైనా, ఆయుధాలు పట్టినవారి నిర్ణయాలు వారి చేతిలో ఉండవు.

4. చాపకూడు: శిబిరం లోపలి సమత

పల్నాటి గాథలో సామాజికంగా అత్యంత విప్లవాత్మకమైన అంశం చాపకూడు. అన్ని కులాలవారూ ఒకే చాపపై కూర్చుని తినడం కులవ్యవస్థ గుండెకాయను తాకే చర్య. కంచం పొత్తు, మంచం పొత్తు అని తెలుగువారు వేరుచేసి చెప్పే రెండింటిలో మొదటిదానినైనా బహిరంగంగా సాధించిన ఉదాహరణ ఇది. దీని విలువను తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని ఒక ప్రశ్న తప్పదు: ఆ చాపపై ఎవరు కూర్చున్నారు?

మాచర్లవారు కూర్చున్నారు. గురజాలవారు కూర్చోలేదు. చాపకూడు కులాల మధ్య గీతను చెరిపింది, శిబిరాల మధ్య గీతను చెరపలేదు. పైగా వీరవైష్ణవ దీక్షతో ముడిపడిన ఆ పంక్తి, శైవ పక్షానికి ఎదురుగా ఒక సమూహాన్ని మరింత గట్టిగా బిగించింది. బాలచంద్రుని వెంట నడిచిన ‘తమ్ముల’లో బ్రాహ్మణుడైన అనపోతు మొదలు కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కులాల యువకుల దాకా ఉన్నారు. కులాన్ని దాటిన ఆ స్నేహం నిజమైనది. వారందరినీ ఒకేసారి మరణం వైపు నడిపినదీ ఆ స్నేహమే.

మతకలహాలపై అశుతోష్ వార్ష్ణేయ 2002లో ప్రకటించిన అధ్యయనం ఈ ఘట్టాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుంది. అందులో హైదరాబాదును లక్నోతో జతచేసి పరిశీలించారు. ఒకే మతసమూహం లోపల ఎన్ని సంఘాలున్నా అవి కలహాన్ని ఆపవని, రెండు సమూహాలవారూ కలిసి సభ్యులుగా ఉన్న వ్యాపార, కార్మిక, వృత్తి సంఘాలే వదంతులను అణచి శాంతిని నిలుపుతాయని ఆ అధ్యయనం నిర్ధారించింది. ఈ వెలుగులో చూస్తే చాపకూడు ఒక అపూర్వమైన లోపలి బంధం. రెండు పక్షాల నడుమ వంతెన కాదు.

సంస్కరణవాద విమర్శ చాపకూడును కీర్తించేటప్పుడు ఈ భేదాన్ని గుర్తించలేదు. సమత దానంతటదే శాంతి కాదు. లోపల సమానులైనవారు వెలుపలివారిపై మరింత ఏకాగ్రతతో పోరాడగలరు. నేటి తీవ్రవాద సంస్థలు కూడా తమలో చేరిన యువకునికి మొదట ఇచ్చేది ద్వేషం కాదు, ఆప్యాయత; వెలుపల దొరకని సమానగౌరవం. ఆ ఆకర్షణను గుర్తించని నివారణ కార్యక్రమం సగం రోగానికే మందు వేస్తుంది.

5. బొంగరం: యువకుడు నడిచిన దారి

బాలచంద్రుణ్ణి పెద్దలు యుద్ధానికి దూరంగా, తల్లి ఐతాంబ సంరక్షణలో ఉంచారు. అతడు తమ్ములతో బొంగరాలాడుతుంటాడు. ఒక బొంగరం తగిలి కోమటి స్త్రీ అన్నమ్మ కాలికి గాయమవుతుంది. నొప్పితో ఆమె ఆడిన మాటలు అతని జీవితాన్ని మలుపు తిప్పుతాయి. తండ్రీ బంధువులూ రణభూమిలో ఉండగా ఇక్కడ ఆటలాడుతున్నావా అన్నది ఆ మాటల సారం. బాలచంద్రునికి తన కులానికీ, ఇంటికీ, వయసుకూ సంబంధించిన అత్యంత ముఖ్యమైన వార్త తల్లి నోట అందలేదు, తండ్రి పంపిన దూత నోట అందలేదు. వీథిలో, పరాయి మనిషి ఎత్తిపొడుపుగా అందింది.

గాథాకర్తల మానవస్వభావ పరిజ్ఞానం ఇక్కడ అబ్బురపరుస్తుంది. యువకుణ్ణి హింస వైపు తిప్పినది సిద్ధాంతం కాదు, అవమానం. అన్నమ్మకు యుద్ధకాంక్ష లేదు. ఆమె గాయపడిన ఒక సామాన్య స్త్రీ మాత్రమే. కాని సమాజం పౌరుషానికి పెట్టిన కొలత ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆ కొలత అందరి నాలుకల మీదా ఉన్నప్పుడు దానిని ప్రయోగించడానికి ప్రచారకుడు అక్కరలేదు.

పెద్దల మౌనం ఇందులో రెండవ కారణం. కొడుకును కాపాడాలన్న ప్రేమతోనే యుద్ధవార్తను దాచారు. కాని దాచిన వార్త బయటపడినప్పుడు అది వార్తగా మిగలదు, వంచనగా తోస్తుంది. తనను పసివాడిగా లెక్కించారన్న కోపం రణోత్సాహంతో కలిసిపోతుంది. అప్పుడు ఐతాంబ వారింపులో నిజం ఉన్నా బలం ఉండదు. ఆమె చివరకు దీవించి పంపుతుంది. మాంచాల కూడా వీరపత్నీధర్మాన్నే పాటిస్తుంది. జనశ్రుతి, నాటకాలు, 1947లోనూ 1966లోనూ వచ్చిన పల్నాటి యుద్ధం చిత్రాలు ఆ సాగనంపే ఘట్టానికి మహోజ్జ్వల స్థానమిచ్చాయి. ఆ వెలుగులో మరుగున పడిన విషయం ఒకటుంది: ఆ ఇద్దరు స్త్రీలకూ దీవించడమో దుఃఖించడమో తప్ప మూడవ పాత్రను సమాజం ఇవ్వలేదు. బాలచంద్రుని మనసు వారికి తెలిసినంతగా సంధి సభలోని ఏ పెద్దకూ తెలియదు. ఆ ఎరుక సభ దాకా చేరే దారి లేదు.

అనపోతు ఘట్టం ఈ అంశానికి పరాకాష్ఠ. స్నేహితుని ప్రాణం కాపాడాలని బాలచంద్రుడు అతణ్ణి ఒక నెపంతో వెనక్కి పంపుతాడు. నిజం తెలిసిన అనపోతు ఆత్మార్పణ చేసుకుంటాడు. తల్లిదండ్రులు తనకు చేసినదే బాలచంద్రుడు మిత్రునికి చేశాడు: ప్రేమతో అసత్యమాడాడు. ఫలితమూ అదే. వంచించి కాపాడటం రెండు తరాలలోనూ ఓడిపోయింది.

6. సంధి సభ: కుదిరీ నిలవని ఒడంబడిక

బాలచంద్రుడు కార్యమపూడి చేరేసరికి అక్కడ యుద్ధం సాగడం లేదు, సంధి సాగుతోంది. నలగాముని పక్షం నుంచి సంధివాక్యాలతో భట్టు వచ్చాడు. బ్రహ్మనాయుడూ పెద్దలూ అందుకు సుముఖంగా ఉన్నారు. అలరాజు హత్య తరువాత కూడా సంధి సాధ్యమైందంటే, పెద్దలు యుద్ధఫలాన్ని ఎంతగా ఎరిగినవారో ఊహించవచ్చు. ఆ సభలోకి బాలచంద్రుడు ప్రవేశించి సంధిని తిరస్కరించి రణం ప్రారంభిస్తాడు. ఆపైన పెద్దల వివేకానికి పని లేకపోయింది.

సంప్రదాయ విమర్శ దీనిని యువవీరుని తేజస్సుగా మెచ్చుకుంది. దీనినే అవివేకంగా గర్హించడమూ తేలికే. రెండు తీర్పులూ బాలచంద్రుని వ్యక్తిత్వం దగ్గరే ఆగిపోతాయి. సభ నిర్మాణాన్ని పరిశీలిస్తే మరొక విషయం తేలుతుంది. సంధి వల్ల ఎవరికేమి దక్కుతుందో రాజులకు తెలుసు, మంత్రులకు తెలుసు. ఏడేళ్ల వలసలో పెరిగి పెద్దయిన తరానికి ఏమి దక్కుతుందో ఎవరూ చెప్పలేదు. అలరాజు మరణానికి న్యాయమేమిటో ఎవరూ ప్రకటించలేదు. ఆ సంధిలో రాజ్యభాగం ఉంది, అవమానానికి సమాధానం లేదు. బాలచంద్రుడు ఆ ఖాళీలోకి కత్తితో ప్రవేశించాడు. అతనికి సంధి చేయడంలో చోటు దక్కలేదు, కూల్చడంలో మాత్రమే దక్కింది.

దీనికి ఒక ఆక్షేపణ సంభవం. వీరగాథకు యుద్ధం ప్రాణం కనుక సంధి విఫలం కావడం కథాధర్మమే తప్ప సామాజిక సత్యం కాదని వాదించవచ్చు. ఇందులో కొంత నిజముంది. అయితే యుద్ధమే కావలసిన కవికి సంధి ప్రసక్తే అక్కరలేదు. అలరాజు హత్య నుంచి నేరుగా రణానికి వెళ్లవచ్చు. అలా వెళ్లకుండా, సంధి కుదరబోయే క్షణాన్ని కల్పించి, దానిని సొంత పక్షపు బాలుని చేతనే భంగపరచడం యాదృచ్ఛికం కాదు. శాంతిని శత్రువు మాత్రమే భగ్నం చేయడని, దానిలో పాలులేని ఆత్మీయుడు కూడా చేయగలడని గాథకు తెలుసు.

7. కారెంపూడి ఉత్సవం: స్మృతి చేసే పని

యుద్ధం ముగిసినా గాథ ముగియలేదు. కారెంపూడిలో ఏటా కార్తికమాసం చివర వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల క్రమం. వీరాచారవంతులు నలుమూలల నుంచి వీరుల ఆయుధాలతో నాగులేటి ఒడ్డుకు చేరుకుంటారు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. వీరవిద్యావంతులు గాథ గానం చేస్తారు.

ఈ క్రమంలో గమనించవలసింది, రాయబారానికి కూడా ఒక పూర్తి రోజు ఉండటం. సమాజం గెలుపును మాత్రమే స్మరించాలనుకుంటే విఫలమైన రాయబారాన్ని ఏటా తిరిగి నడిపించనక్కరలేదు. యుద్ధానికి ముందు మాటలు జరిగాయని, మాటలు తెచ్చినవాడు చంపబడ్డాడని ఊరంతా ఏడాదికొకసారి గుర్తుచేసుకుంటుంది. చేతిలో ఆయుధం ఉన్నా అది యుద్ధానికి కాదు, పూజకు. హింసను అణచివేయకుండా, కాలానికీ స్థలానికీ కట్టుబడిన క్రతువుగా మార్చడం సమాజాలు ఎరిగిన పాత ఉపాయం.

అయితే ఉత్సవానికీ చాపకూడుకున్న పరిమితే ఉంది. అందులో పూజలందుకునేవారు ప్రధానంగా ఒక పక్షం వీరులు. నాగమ్మకు అక్కడ దక్కేది ప్రతినాయిక స్థానమే. గ్రామకక్షలను ఆధునిక కాలంలోనూ చవిచూసిన ప్రాంతంలో, ఏ స్మృతి పౌరుషానికి పాత కొలతనే అందిస్తుంది, ఏ స్మృతి దానిని ప్రశ్నిస్తుంది అన్నది క్షేత్రపరిశోధన తేల్చవలసిన విషయం. గాయకుడు అలరాజు మరణాన్ని ఎంతసేపు పాడతాడు, బాలచంద్రుని కత్తిని ఎంతసేపు పాడతాడు, శ్రోతలు ఎక్కడ కన్నీరు పెడతారు, ఎక్కడ కేకలు వేస్తారు అన్న వివరాలు జానపద పరిశోధకులు శ్రద్ధగా నమోదు చేయదగినవి.

8. ముగింపు

పల్నాటి గాథలోని మూడు శాంతియత్నాలలో ఒక్కటీ దురుద్దేశంతో చేసినది కాదు. రాయబారం రెండు పక్షాలనూ కలిపింది, కాని ఒక్కడి ప్రాణంపై ఆధారపడింది. చాపకూడు అనేకులను కలిపింది, కాని ఒక్క పక్షం లోపలే. సంధి సభ ఇరుపక్షాల పెద్దలనూ ఒప్పించింది, కాని యుద్ధం చేయవలసిన తరాన్ని అడగలేదు. ఒకదానికున్న బలం మరొకదానికి లేదు. రెండు పక్షాల సామాన్యులూ ఒకే చాపపై కూర్చుని ఉంటే, ఆ చాపపైనే యువకులకూ స్త్రీలకూ మాట దక్కి ఉంటే, అలరాజు హత్య కూడా అన్ని దారులనూ మూసి ఉండేది కాదు. అన్నమ్మ మాటకు జవాబు చెప్పగలిగినవాడు ఆ వీథిలోనే ఒకడు ఉండేవాడు.

సాహిత్య విమర్శ శాంతి ప్రణాళికలు రచించలేదు. కాని ప్రణాళికలు తరచు విస్మరించే విషయాన్ని చూపగలదు: హింసకు దారి సభామండపంలో కాక బొంగరాలాట దగ్గర మొదలవుతుంది. అక్కడ ఉన్నవారిని సభలోకి రానివ్వని సంధి, ఎంత న్యాయమైనదైనా, ఒక బాలుడు గుమ్మం దాటి లోపలికి వచ్చేదాకానే నిలుస్తుంది.